రెండు సంతకాలు

గిద్దలూరులో బస్సెక్కి దిగువమెట్ట దాటితే నల్లమల కనుమ మొదలవుతుంది. మలుపులన్నీ తిరిగి అవతల దిగితే నంద్యాల. 1977 మార్చిలో ఆ ఊరి పేరు దేశమంతా మారుమోగింది. ఎమర్జెన్సీ తర్వాత జరిగిన ఆ ఎన్నికల్లో ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. రాయ్‌బరేలీలో ఇందిరా గాంధీయే ఓడిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 లోక్‌సభ సీట్లకు 41 కాంగ్రెస్ ఖాతాలోనే పడ్డాయి. చేజారిన ఒక్క సీటు నంద్యాల. గెలిచింది జనతా పార్టీ తరఫున నిలబడ్డ నీలం సంజీవరెడ్డి.

ఢిల్లీ వెళ్లిన కొద్దిరోజులకే ఆయన లోక్‌సభ స్పీకరయ్యారు. జులై 25న పోటీ లేకుండా రాష్ట్రపతి పీఠం ఎక్కారు. ఆ కుర్చీలో కూర్చుని ఆయన చేసిన సంతకాల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. 1979 ఏప్రిల్ 30న రాజ్యాంగ 44వ సవరణకు ఆమోదముద్ర వేశారు. మరో ఎమర్జెన్సీ అంత తేలిగ్గా రాకుండా రాష్ట్రపతి అధికారానికి పగ్గాలు వేసిన సవరణ అది. 1980 డిసెంబరు 27న జాతీయ భద్రతా చట్టం మీద సంతకం పెట్టారు. నేరం రుజువు కాకుండానే, అసలు నేరం జరగకముందే, మనిషిని ఏడాది దాకా లోపల ఉంచగల చట్టం ఇది. రెండు సంతకాల మధ్య 20 నెలలు గడిచాయి, ప్రభుత్వం మారింది. రాష్ట్రపతి మాత్రం ఆయనే.

సంజీవరెడ్డిని తప్పుపట్టడానికి చెబుతున్న సంగతి కాదిది. మంత్రివర్గం సలహా మేరకు సంతకం చేయడమే రాష్ట్రపతి పని. కానీ దేశంలో అత్యవసర అధికారాల కథంతా ఈ రెండు కాగితాల్లోనే ఉంది. వీధి తలుపుకు గట్టి గడియ బిగించి, పెరటి తలుపు బార్లా తీసిపెట్టిన ఇల్లు మనది. నల్లమల అంచున ఉన్న యర్రగొండపాలెం, దోర్నాల, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో, అంటే పశ్చిమ ప్రకాశంలో, ఎప్పుడూ వినిపించింది ఆ పెరటి తలుపు చప్పుడే.

పదిన్నర గంటల రాత్రి

స్వతంత్ర భారతంలో 352వ అధికరణ కింద జాతీయ అత్యవసర పరిస్థితిని మూడుసార్లు ప్రకటించారు. 1962 అక్టోబరు 26న చైనా యుద్ధ సమయంలో సంతకం చేసింది సర్వేపల్లి రాధాకృష్ణన్. యుద్ధం నెలలో ముగిసినా ఆ ప్రకటన 1968 జనవరి దాకా అలాగే ఉండిపోయింది. 1971 డిసెంబరు 3న పాకిస్థాన్ యుద్ధం నాడు సంతకం చేసింది వి.వి. గిరి. అదే ఏడాది వేసవిలో వచ్చిన ఆంతరంగిక భద్రతా చట్టం, జనం నోట ‘మీసా’, అదీ గిరి సంతకంతో వచ్చిందే. మూడోది 1975 జూన్ 25. ఈసారి సంతకం ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌ది. అయితే ఆ రాత్రి కథలోనూ ఒక తెలుగువాడున్నారు. పశ్చిమ ప్రకాశానికి బొత్తిగా కొత్త మనిషేం కాదు.

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 దాకా కర్నూలు జిల్లావి. ఆ ఏడాది ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా (తర్వాత ప్రకాశం) ఏర్పడినప్పుడు కనుమకు ఇవతలి ఈ ప్రాంతాన్ని తెచ్చి అందులో కలిపారు. అప్పటి ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి. ఐదేళ్లు తిరిగేసరికి ఆయన కేంద్ర హోంమంత్రి. దేశంలో శాంతిభద్రతలకు ఆయనే బాధ్యుడు. శాంతిభద్రతలు దెబ్బతిన్నాయంటూ అత్యవసర పరిస్థితి పెట్టాలనుకుంటే మొదట అడగాల్సిందీ ఆయన్నే.

ఆయనకు కబురందింది చిట్టచివర్న. తర్వాత జస్టిస్ జె.సి. షా కమిషన్ ముందు తేలిన ప్రకారం, జూన్ 25 రాత్రి పదిన్నర ప్రాంతంలో ప్రధాని ఇంటికి రమ్మని ఆయన్ను పిలిపించారు. పరిస్థితి బాగా లేదు, ఆంతరంగిక ఎమర్జెన్సీ పెట్టక తప్పదని ఇందిర చెప్పారు. బ్రహ్మానందరెడ్డి ఒకే ఒక్క మాట అన్నారు: 1971 నాటి ఎమర్జెన్సీ ఎలాగూ అమల్లోనే ఉంది కదా, ఉన్న అధికారాలతోనే సర్దుకోవచ్చు. అదీ ఆలోచించాం, కుదరదని జవాబు వచ్చింది. మీకు ఏది మంచిదనిపిస్తే అది చేయండన్నారు హోంమంత్రి. ఆ తర్వాత రాష్ట్రపతికి రాసిన లేఖ మీద సంతకం పెట్టారు. ప్రకటన ముసాయిదా ఆ లేఖకు జతై వెళ్లింది.

ఆయన లేవనెత్తిన అభ్యంతరం మెత్తనిదే, కానీ సూటిగా తగిలేది. ఒక ఎమర్జెన్సీ నడుస్తుండగా రెండోది ఎందుకు? ఆ ప్రశ్నకు సరైన జవాబు రాకుండానే సంతకం పడింది. మంత్రివర్గం సమావేశమైంది మర్నాడు పొద్దున ఆరింటికి. అప్పటికే దేశంలో పేరున్న ప్రతిపక్ష నాయకుల్లో చాలామంది అరెస్టయ్యారు, ఢిల్లీలో పత్రికలకు కరెంటు పోయింది. జరిగిపోయిన పనికి మంత్రులు తలూపి లేచారు. ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కరైనా రాజీనామా ఇస్తానని ఉంటే చరిత్ర మరోలా ఉండేదేమో. ఎవరూ ఆ మాట అనలేదు.

రెండు రోజుల తర్వాత, జూన్ 27న, 359వ అధికరణ కింద మరో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. సమానత్వం, ప్రాణ రక్షణ, నిర్బంధంలో రక్షణలు... ఈ హక్కుల కోసం కోర్టు మెట్లెక్కే దారి మూసుకుపోయింది. దాని అర్థమేమిటో 1976లో సుప్రీంకోర్టులో బయటపడింది. పోలీసు అధికారి అక్రమంగా ఒకరి ప్రాణం తీస్తే దిక్కేమిటని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అడిగితే, ఈ ఉత్తర్వు ఉన్నంతకాలం దిక్కు లేదనే అటార్నీ జనరల్ నిరేన్ డే ఒప్పుకున్నారు. ఏప్రిల్ 28న నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వం పక్షాన నిలిచారు. ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ కాదన్నందుకు ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకు దక్కలేదు.

తెలుగు నేల మీద ఆ రోజుల గుర్తులు రకరకాలు. ఎమర్జెన్సీ వచ్చి నెల తిరగగానే మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులు ‘ఎన్‌కౌంటర్‌’లో చనిపోయారు. అది బూటకమని తార్కుండే కమిటీ తర్వాత తేల్చింది. డిసెంబరు 1న భూమయ్య, కిష్టాగౌడ్‌లను హైదరాబాద్ ముషీరాబాద్ జైల్లో ఉరి తీశారు. నెల్లూరు నుంచి విద్యార్థి నాయకుడిగా ఎదిగిన ఎం. వెంకయ్యనాయుడు జైలుకెళ్లారు. ఆయన 1978లో మొదటిసారి శాసనసభకు గెలిచిన ఉదయగిరి, పశ్చిమ ప్రకాశానికి సరిహద్దు. నెల్లూరు కవి, సినిమా దర్శకుడు పఠాభి భార్య స్నేహలతారెడ్డిది మరో విషాదం. ‘సంస్కార’ కన్నడ చిత్రంలో నటించిన ఆమెను 1976 మేలో అరెస్టు చేసి బెంగళూరు జైల్లో పెట్టారు. ఆమెకు ఉబ్బసం. జైల్లో అది ముదిరింది. 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. 20న చనిపోయారు. ఆమె మీద నేరం రుజువు కాలేదు, రుజువు చేయాల్సిన పనీ లేకపోయింది. అదే మీసా.

అయినా ఆంధ్రప్రదేశ్ ఓటరు ఇందిరను శిక్షించలేదు. 1978 శాసనసభ ఎన్నికల్లో ఆమె కొత్తగా పెట్టిన కాంగ్రెస్(ఐ)కు 175 సీట్లిచ్చాడు. ఆమెతో విడిపోయిన బ్రహ్మానందరెడ్డి కాంగ్రెస్‌కు దక్కినవి 30. ఉత్తరాదిలో కుటుంబ నియంత్రణ పేరిట జరిగిన బలవంతపు ఆపరేషన్ల బీభత్సం ఇక్కడ ఆ స్థాయిలో లేదు. పేదలకు ఇళ్ల స్థలాలు, అప్పుల మాఫీ అన్న ఇందిర ఇరవై సూత్రాల కార్యక్రమం మాటే పల్లెకు ముందు చేరింది. ఢిల్లీలో హక్కులు పోయాయన్న సంగతి అసలు హక్కులు చేరని ఊళ్లలో పెద్దగా తెలిసిరాలేదంటే అతిశయోక్తి కాదు.

గడియ బిగించిన తీరు

44వ సవరణ చదువుతుంటే దాన్ని రాసినవాళ్ల కళ్ల ముందు ఆ జూన్ రాత్రే ఉందని తెలిసిపోతుంది. పొద్దున మంత్రులకు చెప్పారు కదా, ఇకమీదట మంత్రివర్గం నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి ప్రకటించకూడదన్నారు. ‘ఆంతరంగిక కల్లోలం’ అనే సాగుడు మాట తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ పెట్టారు. నెలలోగా పార్లమెంటు ఉభయసభల్లో ప్రత్యేక మెజారిటీతో ఆమోదం పొందాలి. ఆరు నెలలకోసారి మళ్లీ పొందాలి. లోక్‌సభలో పదో వంతు సభ్యులు నోటీసిస్తే 14 రోజుల్లో సభ కూర్చోవాలి, మామూలు మెజారిటీతో ఎమర్జెన్సీని రద్దు చేయవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, 20, 21 అధికరణలను ఏ ఎమర్జెన్సీలోనూ ఆపడానికి వీల్లేదు. ప్రాణం తీస్తే దిక్కేమిటన్న ఖన్నా ప్రశ్నకు రాజ్యాంగమే జవాబిచ్చింది.

ఇలాంటి పగ్గాలకు విలువెంతో దక్షిణ కొరియా 2024 డిసెంబరు 3 రాత్రి చూపించింది. అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ టీవీలో కనిపించి సైనిక శాసనం ప్రకటించాడు. సైనికులు పార్లమెంటు భవనంలోకి చొరబడుతుంటే, ఎంపీలు గోడలు దూకి లోపలికి చేరారు. హాజరైన 190 మందీ రద్దుకు ఓటేశారు. తెల్లారేసరికి సైనిక శాసనం లేదు. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం యూన్ పదవి ఊడబీకింది. అమెరికాది దీనికి తిరగేసిన కథ. అక్కడ అధ్యక్షుడి ఎమర్జెన్సీలకు హద్దులు పెట్టాలని 1976లో చట్టం చేశారు. కానీ ఏటా ఒక నోటీసుతో పొడిగించుకునే వీలు మిగిల్చారు. ఇరాన్ మీద 1979లో జిమ్మీ కార్టర్ ప్రకటించిన అత్యవసర పరిస్థితి, ఇరాన్‌లో బందీలైన అమెరికన్లంతా ఇళ్లకు చేరి దశాబ్దాలైనా, పొడిగింపుల మీద బతుకుతూనే ఉంది.

మన రాష్ట్రపతి పాలనకూ చివరికి ఇలాంటి పగ్గాలే పడ్డాయి. ప్రకాశం జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వం 1954 నవంబరులో మద్యనిషేధం గొడవలో ఒకే ఓటు తేడాతో పడిపోయింది. ఆంధ్ర రాష్ట్రం పుట్టి రెండేళ్లు నిండకుండానే 356వ అధికరణ వచ్చి కూర్చుంది. జై ఆంధ్ర ఉద్యమ సెగకు పి.వి. నరసింహారావు దిగిపోయాక 1973 జనవరి 18న రెండోసారి వచ్చింది. చిత్రమేమిటంటే అదే పీవీ 1991 నవంబరులో నంద్యాల నుంచి 5.8 లక్షల మెజారిటీతో లోక్‌సభకు వెళ్లారు. ప్రధాని హోదాలో 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత నాలుగు బీజేపీ ప్రభుత్వాలను అదే 356తో సాగనంపారు. ఆ రద్దుల్లో మూడింటి మీది కేసులు 1994 నాటి బొమ్మై తీర్పులో భాగమయ్యాయి. తొమ్మిది మంది ధర్మాసనంలో కీలకమైన తీర్పు రాసిన వారిలో తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. ఆ మూడు రద్దులనూ సమర్థిస్తూనే, రాష్ట్రపతి నిర్ణయాన్నైనా కోర్టు పరిశీలిస్తుందని, తప్పయితే కొట్టేసిన ప్రభుత్వాన్ని తిరిగి నిలబెడుతుందని ధర్మాసనం తేల్చింది. అప్పటిదాకా ఇష్టారాజ్యంగా సాగిన 356 వాడకం ఆ దెబ్బతో బాగా తగ్గింది. 2014లో మార్చి నుంచి జూన్ దాకా ఉమ్మడి రాష్ట్రం మీదికి అది మళ్లీ వచ్చినా, ముఖ్యమంత్రి రాజీనామా చేసి వెళ్లిపోయిన కుర్చీ ఖాళీ ఉండబట్టి.

అడవి అంచున

పెద్ద అధికారాలకు ఇన్ని కట్టుబాట్లు వచ్చాయి. చిన్నవాటికి?

నల్లమలలో 1990ల్లో నక్సలైట్లు, జనం నోట ‘అన్నలు’, ఉండేవారు. అడవి చుట్టూ పోలీసులుండేవారు. రాత్రి అన్నలొచ్చి అన్నం పెట్టమంటే పెట్టాలి. పొద్దున పోలీసులొచ్చి ఎవరొచ్చారని అడిగితే చెప్పాలి. పెడితే కొరియర్, చెబితే ఇన్‌ఫార్మర్. ఏ ముద్ర పడినా బతుకు గల్లంతే. చెంచు గూడేల్లోని జనానికి ఈ రెండు ముద్రల మధ్య నడవడమే ఒక విద్య అయిపోయింది. ఇక్కడ ఎవరూ 352ను ప్రయోగించలేదు. ఆ అవసరమే రాలేదు. 1992 నాటి రాష్ట్ర ప్రజా భద్రతా చట్టం చాలింది. ఆ ఏడాది మేలో పీపుల్స్‌వార్ మీద నిషేధం పెట్టారు. ఎన్టీఆర్ తిరిగొచ్చాక తీశారు, 1996లో చంద్రబాబు ప్రభుత్వం మళ్లీ పెట్టింది. ఏటా ఒక జీవోతో పొడిగింపు. శాసనసభలో ప్రత్యేక మెజారిటీ అక్కర్లేదు.

ఆ నిషేధం సడలిన కొద్ది నెలల్లోనే పశ్చిమ ప్రకాశం దేశం దృష్టికి వచ్చింది. 2004 అక్టోబరు 11న ప్రభుత్వంతో చర్చల కోసం నక్సలైట్ నేత రామకృష్ణ, మరికొందరు నాయకులు అడవిలోంచి బయటికొచ్చింది ఇక్కడే, దోర్నాల–శ్రీశైలం దారిలోని చినారుట్ల చెంచుగూడెం దగ్గర. వాళ్లను పంపే బాధ్యత తీసుకున్న పార్టీ ప్రతినిధుల్లో వరవరరావు, గద్దర్‌తో పాటు ప్రకాశం జిల్లా రచయిత జి. కళ్యాణరావూ ఉన్నారు. అక్కడి నుంచి పల్నాటి గుత్తికొండ బిలం వద్ద బహిరంగ సభ. 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో హోంమంత్రి కె. జానారెడ్డి బృందంతో చర్చలు. మధ్యవర్తిత్వం వెనక ఎస్.ఆర్. శంకరన్ లాంటి పెద్దమనిషి ఓపిక. భూమి గురించి, ఆయుధాల గురించి మాటలు జరిగాయి. 2005 జనవరికల్లా ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలై అంతా చెడింది.

ఆ తర్వాతి నెలలు రెండు వైపులా రక్తమే. ఏప్రిల్‌లో ఒంగోలు నడిబొడ్డున జిల్లా ఎస్పీ మహేశ్ చంద్ర లడ్డా కాన్వాయ్ మీద నక్సలైట్లు బాంబు పేల్చారు, ఆయన ప్రాణాలతో బయటపడ్డారు. ఆగస్టు 15న మక్తల్ ఎమ్మెల్యే నర్సిరెడ్డిని నారాయణపేటలో జెండా పండగ నాడే కాల్చి చంపారు. 17న నిషేధం మళ్లీ వచ్చింది. ప్రభుత్వం చేతులు కట్టుకు కూర్చోవాలని ఎవరూ అనలేరు. కానీ ఆ జీవో వలలోనే విప్లవ రచయితల సంఘం కూడా పడింది. కథలూ కవితలూ రాసేవాళ్ల మీది ఆ నిషేధం మూడు నెలలు తిరిగేసరికి నిలవలేదు. భద్రత పేరిట విసిరిన వల ఎక్కడిదాకా వెళుతుందో అది చాలు చెప్పడానికి.

అడవిలో తుపాకీ చప్పుడు ఆగి చాలాకాలమైంది. చట్టాలు మాత్రం అలాగే ఉన్నాయి. ఈ ప్రాంత పోలీసు స్టేషన్లలో వినిపించే మాటలు వేరు: రౌడీషీట్, బైండోవర్, పీడీ యాక్ట్. ఎన్నికలొస్తే పేర్ల జాబితా తీస్తారు. తహసీల్దారు ముందు నిలబెట్టి ఇద్దరు జామీనుదారులతో బాండు రాయించుకుంటారు. ఇంకాస్త గట్టివాడనుకుంటే 1986 నాటి రాష్ట్ర ముందస్తు నిర్బంధ చట్టం, అదే పీడీ యాక్ట్. సారా కాసేవాళ్లు, గూండాలు, భూకబ్జాదారుల కోసమని చేసిన ఆ చట్టాన్ని నల్లమల, శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దొంగరవాణా మీదా వాడారు. అదే చట్టాన్ని తెలంగాణలో వాడుతున్న తీరు చూసి సుప్రీంకోర్టు 2022లో ఒకసారి, 2023 సెప్టెంబరులో అమీనా బేగం కేసులో మరోసారి గట్టిగానే మందలించింది. మామూలు కేసు పెట్టి బెయిలు రద్దు కోరాల్సిన చోట ముందస్తు నిర్బంధం ఏమిటని నిలదీసింది.

ఇక జాతీయ భద్రతా చట్టం. అది ఎలా పనిచేస్తుందో దగ్గర నుంచి చూద్దాం. రాష్ట్ర ప్రభుత్వం అధికారం బదలాయిస్తే జిల్లా కలెక్టరే ఉత్తర్వు ఇవ్వవచ్చు. 12 రోజుల్లో ప్రభుత్వం దాన్ని ఆమోదించాలి. పట్టుకున్న మనిషికి కారణాలు మామూలుగా 5 రోజుల్లో చెప్పాలి. ప్రజాప్రయోజనానికి విరుద్ధమనుకున్న వివరాలు దాచుకోవచ్చు. 3 వారాల్లో ఫైలు సలహా మండలికి వెళ్లాలి. మండలి ముందు తన తరఫున వాదించడానికి వకీలును పెట్టుకునే హక్కు నిర్బంధితుడికి లేదు. మొత్తం మీద గరిష్ఠంగా 12 నెలలు. ఎమర్జెన్సీకి పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీ, ఆరు నెలలకోసారి ఓటు కావాలి. ఒక మనిషి స్వేచ్ఛ ఏడాదిపాటు తీసేయడానికి ఒక కలెక్టరు సంతకం, ఒక మూసిన గది చాలు.

దీన్నీ కట్టడి చేయాలని 44వ సవరణ రాసినవాళ్లు అనుకున్నారు. అందులోని 3వ సెక్షన్ ప్రకారం సలహా మండలి అనుమతి లేకుండా ఎవరినీ 2 నెలలకు మించి ఉంచకూడదు, మండలిని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసుతో నియమించాలి. సవరణలోని ఏ భాగం ఎప్పటినుంచి అమలవ్వాలో కేంద్రమే నోటిఫై చేయాలన్నారు. మిగతావన్నీ అమల్లోకి వచ్చాయి. 3వ సెక్షన్‌కు మాత్రం నాలుగు దశాబ్దాలు దాటినా తేదీ పడలేదు. జనతా, కాంగ్రెస్, ఫ్రంట్లు, బీజేపీ... అందరూ ఏలారు. ఎవరికీ ఆ తేదీ వేయాలనిపించలేదు. ఈ ఒక్క విషయంలో పార్టీలన్నీ ఒక్క మాట మీదున్నాయి.

అందుకే ఇలాంటి ఉత్తర్వులు వీగిపోతున్నదీ ఎక్కువగా చిన్న చిన్న లోపాల దగ్గరే. మార్కాపురంలోనో కంభంలోనో ఒకరిని ఇలా పట్టుకెళ్తే, ఇంటివాళ్లు ముందు చూడాల్సింది కారణాల పత్రం ఏ రోజున చేతికిచ్చారు, ప్రభుత్వానికి పెట్టుకున్న అర్జీని ఎన్నాళ్లు పక్కన పడేశారు, పత్రం ఏ భాషలో ఉంది అన్నవే. 22వ అధికరణ ఐదో క్లాజు అర్జీ పెట్టుకునే హక్కు ఇచ్చింది. చదివి అర్థం చేసుకోలేని కారణాలకు జవాబు రాయడం ఎవరివల్లా కాదు. ఇంగ్లీషు రాని నిర్బంధితుడికి ఇంగ్లీషులోనే కారణాలిచ్చి సరిపెట్టిన ఒక మహారాష్ట్ర ఉత్తర్వును సుప్రీంకోర్టు 1962లోనే, హరికిషన్ కేసులో కొట్టేసింది. హెబియస్ కార్పస్ పిటిషన్ వేయడానికి అమరావతి హైకోర్టుకు వెళ్లే వకీళ్లు ఈనాటికీ ఫైలు తెరవగానే చూసేవి ఆ తేదీలూ, ఆ భాషా.